ఒకే నేల, రెండు ప్రభుత్వాలు: ఉత్తర తెలంగాణలో కేంద్ర రాష్ట్ర అధికార విభజన

భారత రాజ్యాంగంలోని 246వ అధికరణం, దానికి అనుబంధమైన ఏడో షెడ్యూలు కలిసి చట్టాలు చేసే అధికారాన్ని మూడు జాబితాలుగా పంచాయి. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికి కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. రక్షణ, విదేశాంగం, రైల్వేలు, నాణేల ముద్రణ ఢిల్లీకి దక్కాయి. పోలీసు, భూమి, వ్యవసాయం, వైద్యం రాష్ట్రాల వంతయ్యాయి. ఏ జాబితాలోనూ లేని అవశిష్ట అధికారాలు మళ్లీ ఢిల్లీకే వెళ్లాయి. పాఠ్యపుస్తకంలో చదివితే ఇది అన్నదమ్ముల ఆస్తి పంపకంలా ఉంటుంది: ఈ పొలం నీది, ఆ చెలక నాది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మాత్రం లెక్క అలా తేలదు. ఈ ప్రాంతపు బతుకు ఆనుకొని ఉన్నది బొగ్గు, గోదావరి, అడవి, వడ్ల మీద. ఈ నాలుగింటిలో ఒక్కటైనా పూర్తిగా ఎవరి వాటాకూ రాలేదు. సొంతదారు ఒకరైతే అనుమతి ఇచ్చేది ఇంకొకరు. ధర కట్టేది ఒకరైతే, ఆ ధర గిట్టుబాటు కానప్పుడు రైతు నిలదీసేది ఇంకొకరిని. కేంద్రం చేతిలో అధికారం ఎక్కువైందన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది, అందులో నిజమూ ఉంది. అయితే ఇక్కడి అనుభవాన్ని వరుసగా చూస్తే అసలు చిక్కు మరో చోట కనిపిస్తుంది: నిర్ణయం తీసుకునేవారు ఒకచోట, దాని ఫలితానికి జనం ముందు జవాబు చెప్పాల్సినవారు మరోచోట ఉండిపోయారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న చోట పరిష్కారం దొరికింది. కూర్చోని చోట నష్టం స్థానికుల మీద పడింది.

ఈ రెండు జిల్లాలకు ఢిల్లీ పాలన కొత్తది. 1948 సెప్టెంబరు దాకా ఇవి నిజాం రాజ్యంలో భాగం. ఆ రాజ్యానికి సొంత రైలు, సొంత తపాలా, హాలీ సిక్కా అనే సొంత నాణెం ఉండేవి. 1950 జనవరి 26న హైదరాబాద్ 'బి' తరగతి రాష్ట్రంగా యూనియన్‌లో చేరాక అవన్నీ క్రమంగా కేంద్రం కిందికి వెళ్లాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. రాష్ట్రాల సరిహద్దులు గీసే అధికారం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుదే. శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడాల్సిన పని లేదు. ఈ నిబంధనకు దేశంలోనే పెద్ద ఉదాహరణ తెలంగాణ. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి, జూన్ 2న కొత్త రాష్ట్రం వచ్చింది. అంతకుముందు, 2009 నవంబరు 29న, ఆ రాష్ట్రం కోసం ఆమరణ దీక్షకు బయల్దేరిన ఉద్యమ నేత కె.చంద్రశేఖర్ రావును కరీంనగర్ శివారు అలుగునూరు దగ్గర అరెస్టు చేసింది రాష్ట్ర పోలీసులే. కేంద్రం అధికారం ఎప్పుడూ రాష్ట్ర ప్రజల కోరికకు అడ్డే అనుకునేవారు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. ఆ అధికారం లేకపోతే శాసనసభలో మెజారిటీ లేని ప్రాంతానికి రాష్ట్రమే వచ్చేది కాదు.

అధికారం ఎన్ని ముక్కలుగా చీలిందో చూపడానికి బొగ్గును మించిన ఉదాహరణ లేదు. రాష్ట్ర జాబితాలోని 23వ అంశం గనుల నియంత్రణను రాష్ట్రానికి ఇస్తుంది, కానీ కేంద్ర జాబితాకు లోబడి అని షరతు పెడుతుంది. కేంద్ర జాబితాలోని 54వ అంశం ప్రకారం, ప్రజాప్రయోజనం కోసమని పార్లమెంటు ప్రకటిస్తే గనుల నియంత్రణ ఢిల్లీకి వెళ్తుంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంతో పార్లమెంటు ఆ ప్రకటన చేసింది. గని కార్మికుల భద్రత 55వ అంశం, అది పూర్తిగా కేంద్రానిదే. ఇక సింగరేణి కాలరీస్ సంగతి చూద్దాం. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొనడంతో అది సర్కారీ సంస్థ అయింది. అందుకే 1973లో దేశంలోని బొగ్గు గనులు జాతీయమైనా, ఆ తర్వాత ఏర్పడిన కోల్ ఇండియాలో అది కలవలేదు. 2014 పునర్విభజన చట్టం పన్నెండో షెడ్యూలు దాని వాటాలను తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతంగా రాసింది. గోదావరిఖనిలోనో శ్రీరాంపూర్‌లోనో బాయిలోకి దిగే కార్మికుడి వైపు నుంచి చూస్తే ఈ సంస్థ ఎవరిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు రాదు. అతని వేతనం జాతీయ స్థాయి బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం తేలుతుంది. గని పైకప్పు కూలితే విచారణకు వచ్చేది కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్. గుర్తింపు సంఘం ఎన్నికలు నడిపేది కేంద్ర కార్మిక శాఖ; 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలూ అలా జరిగినవే. దసరా ముందు లాభాల్లో వాటా ఎంతో ప్రకటించేది మాత్రం రాష్ట్ర ముఖ్యమంత్రి. 2024లో ఆ వాటా 33 శాతం.

తవ్విన బొగ్గు మీద రాయల్టీ రాష్ట్ర ఖజానాకే వస్తుంది. కానీ రేటు కట్టేది కేంద్రం. 2012 నుంచి అది ధరలో 14 శాతం. మూడేళ్లకు ఒకసారికి మించి రేటు పెంచకూడదని చట్టమే చెబుతోంది, కనీసం అన్నేళ్లకైనా పెంచాలని మాత్రం చెప్పలేదు. ఇదే బొగ్గు మీద 2010లో కేంద్రం టన్నుకు 50 రూపాయల సెస్సు వేసింది. 2014లో వంద, 2015లో రెండు వందలు, 2016లో నాలుగు వందలు చేసింది. సెస్సులు, సర్‌ఛార్జీలు 270వ అధికరణం ప్రకారం రాష్ట్రాలతో పంచుకునే నిధిలోకి రావు. అంటే దుమ్ము, పగుళ్లు పట్టిన ఇళ్లు, అడుగంటిన బావులు మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలకు మిగిలాయి, పర్యావరణం పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము ఢిల్లీ నిధికి చేరింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఈ నాలుగు వందలు రాష్ట్రాల నష్టపరిహారపు సెస్సుగా మారాయి. 2025లో రద్దయ్యేదాకా అది మెరుగైన ఏర్పాటే, ఎందుకంటే దాన్ని ఎలా పంచాలో తేల్చిన జీఎస్టీ మండలిలో రాష్ట్రాలకు ఓటు ఉంది. జిల్లాకు నేరుగా దక్కాల్సిన మొత్తం మరొకటి ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం పాత లీజుల రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం జిల్లా ఖనిజ నిధికి జమ కావాలి. ఆ నిధిని నడిపే నిబంధనలు రాష్ట్రం చేతిలో ఉండగా, 2021లో మరో సవరణ తెచ్చి ఖర్చు విషయంలో ఆదేశాలిచ్చే అధికారాన్ని కేంద్రం తీసుకుంది.

బొగ్గు బ్లాకుల వేలంతో ఈ చీలిక బజారున పడింది. కళ్యాణిఖని 6, శ్రావణపల్లి, కోయగూడెం 3, సత్తుపల్లి 3 బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టడంతో 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఎర్రజెండా సంఘాలు, అప్పటి రాష్ట్ర అధికార పార్టీ సంఘం, సంఘ్ పరివార్‌కు చెందిన బీఎంఎస్ అన్నీ ఒక్కటైన అరుదైన సందర్భం అది. 2024 జూన్ 21న హైదరాబాద్‌లోనే పదో విడత వేలం మొదలైనప్పుడు శ్రావణపల్లి మళ్లీ జాబితాలో ఉంది. ఉపముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క అదే వేదిక మీద దాన్ని సింగరేణికి నేరుగా కేటాయించాలని అడిగారు. దీనికి కేంద్రం వైపు నుంచి వచ్చే జవాబు బలహీనమైనదేమీ కాదు. ఖనిజం దేశమంతటి అవసరం, పోటీ వేలంలో వచ్చే ఆదాయం కూడా రాష్ట్రానికే చేరుతుంది, కావాలంటే సింగరేణే పాడుకోవచ్చు అన్నది ఆ వాదన. పైగా సింగరేణికి ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైనీ బ్లాకు కేంద్రం కేటాయింపు వల్లే 2015లో వచ్చింది, 2025 ఏప్రిల్‌లో అక్కడ తవ్వకం మొదలైంది. ఏ రాష్ట్రపు బొగ్గు ఆ రాష్ట్ర సంస్థకే అన్న సూత్రాన్ని ఒడిశా పట్టుకుంటే నష్టపోయేది సింగరేణే. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ఒక తేడా మిగులుతుంది. శ్రావణపల్లి చుట్టుపక్కల గనులు, రోడ్లు, రైలు మార్గం, కార్మికుల కాలనీలు సింగరేణి ఏళ్ల తరబడి కట్టుకున్నవి. ఆ సంస్థలో 49 శాతం వాటా ఉన్న కేంద్రమే దాన్ని పరాయి పాటదారుతో సమానంగా నిలబెట్టింది. చట్టప్రకారం ఆ హక్కు కేంద్రానికి ఉంది. వాటాదారుగా బోర్డులో చర్చించి తేల్చుకోగలిగిన విషయాన్ని నియంత్రకుడిగా నోటిఫికేషన్‌తో తేల్చడం మాత్రం చట్టం చెప్పి చేయించింది కాదు, కేంద్రం ఎంచుకున్న పద్ధతి.

వడ్ల విషయంలో ఇంకో రకం చీలిక కనిపిస్తుంది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. కానీ 1954లో మూడో సవరణ ఆహార పదార్థాల వ్యాపారాన్ని ఉమ్మడి జాబితాలోని 33వ అంశంలో చేర్చింది. 2020లో తెచ్చి 2021లో వెనక్కి తీసుకున్న సాగు చట్టాలకు ఆధారం కూడా అదే. మద్దతు ధర ఢిల్లీ ప్రకటిస్తుంది. ఊళ్లో కొనుగోలు కేంద్రం తెరిచేది రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ, ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు. మిల్లు ఆడించిన బియ్యాన్ని తీసుకునేది భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ). కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతంలో మిల్లులు ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి కట్టినవి. దానికి కారణం ఎండ. యాసంగి పంట ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తుంది, ఆ వడ్లను పచ్చిగా ఆడిస్తే గింజ విరిగి నూకలవుతుంది. ఉడకబెట్టి ఆడిస్తే నిలుస్తుంది. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలన్నది ఎఫ్‌సీఐ లెక్క. యాసంగి వడ్లతో పచ్చి బియ్యపు లెక్క నింపడం మిల్లరుకు కష్టం. 2021లో కేంద్రం ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమని చెప్పింది. ఇవ్వబోమని రాష్ట్రమే రాసిచ్చిందని ఆ లేఖను చూపింది. ఒత్తిడి తెచ్చి రాయించుకున్నారని రాష్ట్రం వాదించింది. 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో రాష్ట్ర మంత్రివర్గం ధర్నాకు కూర్చుంది, మర్నాడు తిరిగొచ్చి నూకల నష్టం తామే భరించి వడ్లన్నీ కొంటామని ప్రకటించింది. దేశంలో ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాలు తగ్గాయి, గోదాములు నిండాయి అన్న కేంద్రం మాటలో వాస్తవం ఉంది. అయితే కాళేశ్వరం, శ్రీరాంసాగర్ ప్రాజెక్టుల నీళ్లు చూపి యాసంగి వరి వేయమన్న రాష్ట్రం, కొనే చేయి తనది కాదని మొదటే లెక్కలోకి తీసుకోలేదు. కొనుగోలు విధానం మార్చిన కేంద్రం, పంట మార్చుకోవడానికి రైతుకు ఎన్ని పంటకాలాలు పడతాయో చూడలేదు. ఇద్దరి లెక్కల్లోనూ లేనివాడు రోడ్డు మీద వడ్లు ఆరబోసుకొని కూర్చున్న రైతు.

ఇంతవరకు చూసినదాన్ని బట్టి కేంద్రం తప్పుకుంటే చాలు అనిపించవచ్చు. నది దగ్గరికి వస్తే ఆ మాట చెల్లదు. నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం, అంతర్రాష్ట్ర నదులు కేంద్ర జాబితాలో 56వ అంశం. గోదావరి తెలంగాణలోకి రాకముందే నాందేడ్ జిల్లాలో మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కట్టింది. నిల్వ 2.74 టీఎంసీలే అయినా అది శ్రీరాంసాగర్ వెనుక నీటి పరిధిలో ఉంది. కాకతీయ కాలువ మీద ఆధారపడిన కరీంనగర్ ఆయకట్టు రైతుకు అది గొంతు దగ్గర కట్టిన గోడలా కనిపించింది. ఏళ్ల గొడవ తర్వాత 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉండాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి, పర్యవేక్షణకు కేంద్ర జలసంఘం ప్రతినిధితో ముగ్గురు సభ్యుల కమిటీ ఉండాలి. ఆ తర్వాత ఏటా జులై 1న రెండు రాష్ట్రాల ఇంజినీర్లు, జలసంఘం అధికారి నిలబడి ఉండగా పద్నాలుగు గేట్లు ఎత్తుతున్నారు. మూడో మనిషి అక్కడ ఉండటమే ఈ ఏర్పాటు బలం. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారే తుమ్మిడిహెట్టి దగ్గర 152 మీటర్ల నీటిమట్టంతో బ్యారేజీ కట్టాలని ఉమ్మడి రాష్ట్రం 2008లో శంకుస్థాపన చేసింది. ముంపు మహారాష్ట్ర వైపున, ఒప్పందం లేదు, పని సాగలేదు. 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాలూ కూర్చుని తుమ్మిడిహెట్టి బ్యారేజీకి 148, మేడిగడ్డ బ్యారేజీకి 100, చనాక కొరట బ్యారేజీకి 213 మీటర్ల నీటిమట్టం ఖాయం చేసుకున్నాయి. ఎనిమిదేళ్లు నానిన వ్యవహారం ముఖాముఖి చర్చలో సంతకం దాకా వచ్చింది. ఇక కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ. పాత కరీంనగర్ జిల్లా మహదేవపూర్ మండలంలో రాష్ట్రం సొంతంగా కట్టిన ఆ బ్యారేజీలో ఏడో బ్లాకు స్తంభాలు 2023 అక్టోబరు 21న కుంగాయి. 2021 ఆనకట్టల భద్రతా చట్టం రాష్ట్ర హక్కులోకి చొరబాటు అన్న విమర్శలు అప్పటికే ఉన్నాయి. కుంగుబాటును పరిశీలించి రాష్ట్ర ప్రభుత్వ లోపాలను రాతపూర్వకంగా చెప్పగలిగింది మాత్రం ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ సంస్థే. కట్టినవాడే తనిఖీదారు అయితే ఆ నిజాలు అంత త్వరగా బయటికి వచ్చేవా అన్నది అడగాల్సిన ప్రశ్న.

రాష్ట్ర హక్కుల వాదానికి అన్నింటికన్నా గట్టి పరీక్ష ఆదిలాబాద్ అడవి. రాష్ట్రానికి దక్కిన అధికారం ఉట్నూరు గోండుకు, కొలాంకు దక్కినట్టేనా? 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం పోరాడి చనిపోయింది హైదరాబాద్ సర్కారు అటవీ, భూమి పాలన మీద. అప్పుడు ఢిల్లీ ఊసే లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసుల మీద కాల్పులు జరిపింది రాష్ట్ర పోలీసులు. రాష్ట్ర అధికారం గిరిజనులకు రక్షణ కాకపోవచ్చని ముందే తెలిసినట్టుగా రాజ్యాంగం ఐదో షెడ్యూలులో మరో ఏర్పాటు చేసింది. షెడ్యూల్డు ప్రాంతాలను రాష్ట్రపతి ప్రకటిస్తారు, అక్కడ ఏ చట్టం వర్తించాలో గవర్నరు నిర్ణయించవచ్చు, ఆ పాలన గురించి కేంద్రం రాష్ట్రానికి ఆదేశాలు ఇవ్వవచ్చు. భూబదలాయింపు నిషేధానికి సంబంధించిన 1959 నాటి మొదటి రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు వర్తించింది, 1970 సవరణతో గిరిజనేతరుల మధ్య బదలాయింపును కూడా నిషేధించింది. జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ' అయిన చట్టం ఇదే. అయితే గవర్నరు మంత్రివర్గం సలహా మీదే నడుస్తారు కాబట్టి ఈ రక్షణ చాలా ఏళ్లు కాగితం మీదే బలంగా ఉంది. 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదన్నది ఆ తీర్పు సారం. గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పేదెవరన్న ప్రశ్న ఆ తీర్పుతో తీరలేదు.

అడవి 1976 దాకా రాష్ట్ర జాబితాలో ఉండేది. అత్యవసర పరిస్థితి కాలపు 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది, 1980 అటవీ సంరక్షణ చట్టం అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి చేసింది. అప్రజాస్వామిక కాలంలో జరిగిన మార్పు కాబట్టి దీన్ని రద్దు చేయాలనేవారు ఉన్నారు. మార్పు జరిగిన తీరు మీద ఆ విమర్శ సరైనదే. కానీ పోడు రైతుకు పట్టా హక్కు ఇచ్చిన 2006 చట్టం వచ్చింది కూడా పార్లమెంటు నుంచే. దాని కింద పట్టాలు ఇవ్వాల్సిన రాష్ట్రం ఏళ్ల తరబడి తాత్సారం చేసి, ఎన్నికల ఏడాదిలో, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పెద్ద ఎత్తున పంపిణీ మొదలుపెట్టింది. 2025 మే 30న కవ్వాల్, తడోబా పులుల అభయారణ్యాలను కలిపే కారిడార్‌ను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది రాష్ట్రమే. ఆదివాసుల నిరసనతో జులై 21న దాన్ని నిలిపివేసిందీ రాష్ట్రమే. రాష్ట్రానికి మరింత అధికారం అడిగేవారు, షెడ్యూల్డు ప్రాంత గ్రామసభలకు 1996 పెసా చట్టం ఇచ్చిన అధికారాన్ని హైదరాబాద్ ఎంతవరకు వదులుకుందో కూడా చెప్పాలి. ఢిల్లీ మీద పెట్టే ఫిర్యాదునే ఉట్నూరు హైదరాబాద్ మీద పెడుతోంది, అదే మాటలతో.

కెరమెరి మండలం సరిహద్దున పరందోలి, అంతాపూర్, ముకదంగూడ లాంటి పన్నెండు ఊళ్లు ఉన్నాయి. తెలంగాణ తనవి అంటుంది, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లావి అంటుంది. జనం దగ్గర రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు గుర్తింపు కార్డులు ఉన్నాయి, రెండు సర్కార్ల బడులూ నడుస్తున్నాయి. బయటివారికి ఇది అదృష్టంలా తోస్తుంది. కానీ సాగు చేసే భూమికి నమ్మదగ్గ పట్టా ఏ ఒక్క ప్రభుత్వమూ ఇవ్వలేని చోట రెండు కార్డులు రైతును బ్యాంకు అప్పు దాకా తీసుకెళ్లలేవు. సరిహద్దు తేల్చే అధికారం పార్లమెంటుది, గొడవ రెండు రాష్ట్రాలది. ఇలాంటివాటి కోసమే 263వ అధికరణం అంతర్రాష్ట్ర మండలిని ఊహించింది. సర్కారియా కమిషన్ సిఫారసు మీద 1990లో అది ఏర్పడింది. దాని పదకొండో సమావేశం 2016 జులై 16న జరిగింది, ఆ తర్వాత దశాబ్దం గడుస్తున్నా పన్నెండోదాని ఊసు లేదు. జీఎస్టీ మండలి మాత్రం క్రమంగా కూడుతోంది, ఎందుకంటే అది కూడకపోతే పన్ను రేటు మారదు. బొగ్గు బ్లాకుకు, బియ్యం రకానికి, నది మట్టానికి అలాంటి తప్పనిసరి ఎక్కడా రాసిలేదు.

2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8-1 మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేననీ తేల్చింది. రాయల్టీని పన్నుగా చూసిన 1989 నాటి ఇండియా సిమెంట్ తీర్పు దీంతో పోయింది. 2005 ఏప్రిల్ 1 నుంచి పాత బకాయిలు కూడా వసూలు చేసుకోవచ్చని, 2026 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్లలో వాయిదాలుగా కట్టించుకోవాలని ఆగస్టు 14న చెప్పింది. ఖనిజాభివృద్ధి కోసం ఈ పన్ను అధికారానికి పరిమితులు పెట్టే హక్కు పార్లమెంటుకు ఇంకా ఉంది. ఒడిశా, జార్ఖండ్‌లకు ఇది సూటిగా లాభం. తెలంగాణలో లెక్క వేరు. సింగరేణి బొగ్గు మీద రాష్ట్రం పన్ను వేస్తే, కట్టే సంస్థలో సగానికి పైగా వాటా రాష్ట్రానిదే. మిగతా భారం కేంద్రం వాటా మీద పడుతుంది. పెరిగిన ధర రామగుండం ఎన్టీపీసీకి, రాష్ట్ర జెన్‌కోకు చేరి, అక్కడి నుంచి తెలంగాణతో పాటు ఆ కరెంటు కొనే పొరుగు రాష్ట్రాల బిల్లుల్లోకి వెళ్తుంది. ఈ పన్ను ఎంత ఉండాలో, దాంట్లో ఎంత భాగం గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లికి తిరిగి రావాలో తేల్చాల్సిన ముగ్గురు భాగస్వాములు హైదరాబాద్, ఢిల్లీ, గని జిల్లాలు. మొదటి ఇద్దరికీ సింగరేణి బోర్డులో కుర్చీలు ఉన్నాయి. మూడో భాగస్వామికి ఇప్పటిదాకా ఏ బల్ల దగ్గరా చోటు లేదు.